పరాయి దేశంలో ఆఫీసులతో, రాజకీయాలతో నెగ్గుకురావడం: సమగ్ర మార్గదర్శి

నా నివాస పర్మిట్ రెన్యువల్ ఫైల్ కనపడకుండా పోయినప్పుడు కౌంటర్‌లో కూర్చున్నావిడ నన్ను అడిగింది ఒక్కటే: ఇచ్చినట్టు రసీదు ఉందా? లేదు. ఆఫీసు గుమ్మం పక్కనున్న పెట్టెలో అందరూ కవర్లు వేస్తుంటే నేనూ వేసి వచ్చేశాను. ఆ తర్వాత నాలుగు నెలలు దేశం దాటడానికి లేదు, వారానికోసారి హెచ్‌ఆర్ వాళ్లకి సంజాయిషీ చెప్పుకోవాలి, రాత్రిళ్లు నిద్ర లేదు, అదే ఫారం మళ్లీ మొదటి నుంచి నింపాలి. ఫైల్ పోగొట్టింది వాళ్లే, కాదనను. కానీ పోయిన నాలుగు నెలలూ నావి.

విదేశంలో ఉండబోయేవాళ్లకి భాష గురించీ చలి గురించీ ఒంటరితనం గురించీ చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆఫీసుల గురించి చెప్పేవాళ్లు తక్కువ, చెప్పినా తిట్టి ఊరుకుంటారు. తిట్టడంలో తప్పేం లేదు, నేనూ తిడతాను, కాకపోతే తిట్టే ముందు చేసి పెట్టుకోవాల్సిన పనులు కొన్నున్నాయి. చదువుకి వెళ్లినా, ఉద్యోగానికి వెళ్లినా, డిపెండెంట్‌గా వెళ్లినా ఇవి పనికొస్తాయి. ఏ దేశం రూల్ ఆ దేశానిదే కాబట్టి, నేనిచ్చే ఉదాహరణలు చూసి మీరున్న చోట దానికి సమానమైనది ఏమిటో వెతుక్కోండి.

1. మీ ఫైల్ మీరే కట్టుకోండి

ఆఫీసులో మన పేరు మీద ఒక ఫైల్ ఉంటుంది కదా, మనకెందుకు అనుకుంటాం. బ్రిటన్‌లో విండ్‌రష్ తరానికి ఏం జరిగిందో చూడండి. 1948 నుంచి కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అవి. 1973కి ముందే అక్కడ స్థిరపడినవాళ్లకి ఉండిపోయే హక్కును 1971 నాటి ఇమిగ్రేషన్ చట్టం ఇచ్చింది. హక్కయితే ఇచ్చారు గానీ, చాలామందికి దానికి రుజువుగా ఏ కాగితమూ ఇవ్వలేదు. వాళ్లు ఎప్పుడు దేశంలో అడుగుపెట్టారో తెలిపే ల్యాండింగ్ కార్డులు ప్రభుత్వం దగ్గరే ఉండేవి, 2010లో వాటిని నాశనం చేసేశారు. ఆ తర్వాత రూల్స్ బిగించి, ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నట్టు ఏడాది ఏడాదికీ రుజువు తెమ్మన్నారు. 2018లో ఈ గొడవ బయటికొచ్చే సరికి, దశాబ్దాలుగా పన్నులు కట్టినవాళ్లలో కొందరి ఉద్యోగాలు పోయాయి, కొందరికి వైద్యం అందలేదు, కొందరిని దేశం నుంచే పంపేశారు. చట్టం మొదటి నుంచీ వాళ్ల పక్షానే ఉంది. చేతిలో కాగితం లేదు, అంతే.

అందుకే ఏడాదికో ఫోల్డర్ పెట్టుకోండి. అద్దె ఒప్పందం, జీతం స్లిప్పులు, పన్ను నోటీసులు, ఇన్సూరెన్స్ ఉత్తరాలు, కరెంటు బిల్లులు, బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టులో స్టాంపు పడిన ప్రతి పేజీ, పాత పర్మిట్ కార్డుకి రెండు వైపులా స్కాన్లు అన్నీ అందులోకే. గడువు తీరిన పాస్‌పోర్టులు ఎప్పటికీ పారేయకండి. ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరంతో పాటు కవరు కూడా దాచండి, ఎందుకంటే ఉత్తరం మీద ఉన్న తేదీకీ కవరు మీద పోస్టు ముద్ర తేదీకీ మధ్య పది రోజులు తేడా ఉంటే, అప్పీలు గడువు విషయంలో ఆ ముద్రే మిమ్మల్ని కాపాడవచ్చు. స్కాన్ ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి, 2024-03-15 ఇలా, అప్పుడు వాటంతట అవే వరుసలో కూర్చుంటాయి. ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడితే తేదీ, టైము, పేరు, వాళ్లు చెప్పింది ఒక్క లైనులో రాసుకోండి. ఇదంతా చాదస్తంలా అనిపిస్తుంది, నాకూ అనిపించేది.

కార్డులు పోయి అంతా ఆన్‌లైన్ అవుతోంది కదా, ఇక కాగితాలెందుకు అంటారేమో. బ్రిటన్‌లో బయోమెట్రిక్ రెసిడెన్స్ పర్మిట్ కార్డులు చాలావరకు 2024 డిసెంబరు 31తో ముగిశాయి, ఇప్పుడు ఈ-వీసా అని ఆన్‌లైన్ ఖాతాలో చూపించాలి. ఆ ఖాతాకి పాత పాస్‌పోర్టు నంబరు అంటుకుని ఉన్నా, విమానాశ్రయంలో వెబ్‌సైటు తెరుచుకోకపోయినా చేతిలో ఏమీ ఉండదు. ప్రయాణానికి ముందు ప్రతిసారీ లాగిన్ అయి, ఆ పేజీని పీడీఎఫ్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి.

2. బయలుదేరకముందే చేయాల్సినవి

పుట్టిన సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, డిగ్రీలు, పోలీస్ క్లియరెన్స్. ఇవి అక్కడికి వెళ్లాక తెప్పించుకోవాలంటే నరకం. వీటికి ధ్రువీకరణ కావాలి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉంటే అపోస్టిల్ అనే ఒక్క ముద్ర సరిపోతుంది. భారత్ 2005లో చేరింది, చైనాలో 2023 నవంబరు నుంచి, కెనడాలో 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఒప్పందంలో లేని దేశానికి వెళ్తుంటే విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత వెళ్లబోయే దేశపు ఎంబసీ ముద్ర, ఇలా మెట్లు మెట్లుగా వేయించుకోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది: ఒప్పందంలో ఉన్న దేశం, కొత్తగా చేరిన దేశం మీద అభ్యంతరం నమోదు చేయవచ్చు. అప్పుడు రెండూ సభ్యదేశాలే అయినా ఆ ఇద్దరి మధ్య అపోస్టిల్ చెల్లదు. కాబట్టి జాబితాలో పేరు ఉంది కదా అని ఆగిపోకుండా మీ రెండు దేశాల జంటకి చెల్లుతుందో లేదో చూడండి.

అనువాదం తొందరపడి చేయించకండి. ముందు అపోస్టిల్, తర్వాత అనువాదం, ఎందుకంటే ఆ ముద్రనీ అనువదించమనే ఆఫీసులున్నాయి. జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్ లాంటి చోట్ల కోర్టు దగ్గరో ప్రభుత్వం దగ్గరో ప్రమాణం చేసి నమోదైన అనువాదకులు ఉంటారు, వాళ్ల ముద్ర ఉన్నదే తీసుకుంటారు. సర్టిఫికెట్ పాతదైతే కూడా ఒప్పుకోని ఆఫీసులున్నాయి: మీరు పుట్టిన తేదీ మారదు, అయినా ఆ కాపీ మాత్రం గత మూడు నెలల్లోనో ఆరు నెలల్లోనో తీసినదై ఉండాలంటారు. లాజిక్ అడగకండి, కొత్త కాపీ తీయించండి.

పేరు. దీని మీద ఎంత రాసినా తక్కువే. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున 44 అక్షరాల చొప్పున రెండు వరుసలు ఉంటాయి చూడండి, మెషిన్ చదివేది దాన్ని. అక్కడ ఇంటిపేరు ఏది, పేరు ఏది అని ఎలా విడదీశారో అదే మీ పేరు, అమ్మ పెట్టినది కాదు. మొదటి ఫారం నుంచీ బ్యాంకు ఖాతా దాకా అదే వరుస, అదే స్పెల్లింగ్ వాడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో వెళ్తే అమెరికా వీసా మీద అసలు పేరు వెళ్లి ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది, పేరు గడిలో పేరు తెలియదు అని అర్థం వచ్చే మూడక్షరాలు పడతాయి, ఆ మూడక్షరాలు డ్రైవింగ్ లైసెన్సు దాకా మిమ్మల్ని వెంటాడతాయి. వీలుంటే బయలుదేరేలోపే పాస్‌పోర్టులో సరిచేయించుకోండి.

తేదీలదీ అదే గోల. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. జపాన్ ఫారాల్లో చక్రవర్తి శకం ప్రకారం సంవత్సరం అడుగుతారు, 2019లో రేవా మొదటి సంవత్సరం మొదలైంది. థాయ్‌లాండ్ లెక్కలో మన సంవత్సరానికి 543 కలపాలి. హిజ్రీ, అంటే ఇస్లామిక్ క్యాలెండర్, సంవత్సరానికి 354 లేదా 355 రోజులే, కాబట్టి ఆ క్యాలెండర్‌లో రాసిన ఏడాది పర్మిట్ మీరు అనుకున్నదాని కంటే పది పదకొండు రోజుల ముందే అయిపోతుంది.

3. మొదటి పదిహేను రోజులు

చెట్టు ముందా విత్తు ముందా అనే సామెత ఇలాంటి ఆఫీసుల మధ్య తిరిగినవాడే పుట్టించి ఉంటాడని నా అనుమానం. ఇల్లు అద్దెకి కావాలంటే బ్యాంకు ఖాతా, ఖాతా కావాలంటే చిరునామా రుజువు, చిరునామా రుజువు కావాలంటే ఇల్లు. పైగా గడువులు తరుముతుంటాయి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. జపాన్‌లో చిరునామా కుదిరిన 14 రోజుల్లో స్థానిక ఆఫీసుకి వెళ్లాలి. ఇటలీలో దిగిన 8 పనిరోజుల్లో నివాస పర్మిట్‌కి దరఖాస్తు వేయాలి.

ఈ ముడి విప్పాలంటే ఏ కాగితానికి అతి తక్కువ కాగితాలు అడుగుతున్నారో చూసి అక్కడ మొదలుపెట్టాలి. చాలా దేశాల్లో అది చిరునామా నమోదే. ఆ తర్వాత పన్ను నంబరు, ఆ తర్వాత బ్యాంకు, ఆ తర్వాత ఆరోగ్య బీమా, చివరికి పర్మిట్ కార్డు. కాబట్టి గది చూడ్డానికి వెళ్లినప్పుడు కిటికీలు, వంటగది కంటే ముందు అడగాల్సిన ప్రశ్న: ఈ చిరునామా మీద రిజిస్ట్రేషన్ చేసుకోనిస్తారా? కుదరదన్నారంటే అద్దె ఎంత తక్కువైనా వద్దు. శాశ్వత ఇల్లు దొరికేలోపు యూనివర్సిటీ హాస్టలో, కంపెనీ ఇచ్చే గదో, రిజిస్ట్రేషన్ ఒప్పుకునే సర్వీస్ అపార్ట్‌మెంటో చూసుకోండి. స్నేహితుడి ఇంటి చిరునామా రాసేసి వేరే చోట ఉండటం మాత్రం వద్దు. అది చాలాచోట్ల నేరం, పైగా మీ ముఖ్యమైన ఉత్తరాలన్నీ అక్కడికే వెళ్తాయి, ఆ స్నేహితుడు ఊళ్లో ఉండడు.

4. గడువుల క్యాలెండర్

నన్ను అడిగితే ఈ మొత్తంలో ప్రాణం ఇక్కడుంది. పర్మిట్ గడువు తేదీ అందరికీ గుర్తుంటుంది. గుర్తుండనివి వేరే.

మొదటిది పాస్‌పోర్టు గడువు. చాలా దేశాలు పాస్‌పోర్టు తేదీ దాటి పర్మిట్ ఇవ్వవు. రెండేళ్లు రావాల్సిన పర్మిట్ ఎనిమిది నెలలకే వచ్చిందంటే కారణం అదే అయ్యుంటుంది. పర్మిట్ రెన్యువల్‌కి ముందు పాస్‌పోర్టు రెన్యువల్ చేయించండి, ఎంబసీ అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే వారాలు కూడా లెక్కలో వేసుకుని.

రెండోది, దరఖాస్తు వేసిన రోజు. పాత పర్మిట్ ముగిసేలోపు కొత్తదానికి దరఖాస్తు వేసి ఉంటే, నిర్ణయం వచ్చేదాకా మీ పాత హోదా కొనసాగే ఏర్పాటు చాలా దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో దాన్ని 3సీ లీవ్ అంటారు, ఆస్ట్రేలియాలో బ్రిడ్జింగ్ వీసా, కెనడాలో మెయిన్‌టెయిన్డ్ స్టేటస్. ఫ్రాన్స్, జర్మనీల్లో ఒక తాత్కాలిక పత్రం చేతికిస్తారు. అమెరికాలో హెచ్-1బీ పొడిగింపు టైముకి వేసి ఉంటే, అదే యజమాని దగ్గర 240 రోజుల దాకా పని చేయనిస్తారు. గడువు చివరి రోజు సాయంత్రం వేసినా మీరు చట్టబద్ధంగా ఉన్నవాళ్లే, మర్నాడు ఉదయం వేస్తే అక్రమంగా ఉంటున్నవాళ్లు. ఆ ఒక్క రాత్రి తేడా కొన్నేళ్ల తర్వాత పౌరసత్వం దరఖాస్తులో కూడా బయటికొస్తుంది. అంత అంచు దాకా ఎందుకు, రూల్ ఒప్పుకునే మొదటి రోజే వేసేయండి.

ఇందులో ఒక గొయ్యి ఉంది, చాలామంది పడతారు. ఆ మధ్యకాలపు హోదా మీద ప్రయాణం చేయకూడదు, చేయాలంటే విడిగా అనుమతి కావాలి. బ్రిటన్‌లో 3సీ లీవ్‌లో ఉండగా దేశం దాటితే ఆ లీవ్ అక్కడితో ముగుస్తుంది. ఆస్ట్రేలియాలో మామూలుగా ఇచ్చే "A" రకం బ్రిడ్జింగ్ వీసాతో బయటికి వెళ్తే తిరిగి రానివ్వదు, "B" రకం ముందే తీసుకోవాలి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని టికెట్ కొనేసి, తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కనివ్వక ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. అలాంటి ఫోను వచ్చిన రాత్రి ఈ రూల్స్ చదివే ఓపిక ఎవరికీ ఉండదు, ఇప్పుడే చదివి ఒక చీటీ మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి.

మూడోది, బయట ఉండగల రోజులు. శాశ్వత నివాసం వచ్చేసింది కదా అని తేలిగ్గా తీసుకుంటారు. బ్రిటన్ శాశ్వత అనుమతి వరుసగా రెండేళ్లు దాటి బయట ఉంటే పోతుంది. యూరోపియన్ యూనియన్ దీర్ఘకాల నివాస హోదా సాధారణంగా వరుసగా 12 నెలలు యూనియన్ బయట ఉంటే పోతుంది. అమెరికా గ్రీన్ కార్డుతో ఏడాది దాటి బయట ఉండాలంటే రీ-ఎంట్రీ పర్మిట్ ముందే తీసుకుని ఉండాలి. షెంగెన్ దేశాల్లో, అంటే మధ్యలో సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాల్లో, స్వల్పకాలం తిరిగేవాళ్లకి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. దిగిన రోజూ, వెళ్లిన రోజూ రెండూ లెక్కే. 2025 అక్టోబరు నుంచి అక్కడ స్టాంపు బదులు కంప్యూటర్ నమోదు దశలవారీగా మొదలైంది, కాబట్టి స్టాంపు సరిగా పడలేదు లాంటి కబుర్లు ఇక సాగవు.

నాలుగోది, ఉద్యోగం పోయిన రోజు. కంపెనీ స్పాన్సర్ చేసిన పర్మిట్ మీద ఉంటే, ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి మీకు ఎన్ని రోజులున్నాయో ఉద్యోగం ఉన్నప్పుడే తెలుసుకోండి. అమెరికాలో హెచ్-1బీ వాళ్లకి గరిష్ఠంగా 60 రోజులు. ఆ లెక్క జీతం ఆగిన రోజు నుంచా, పని ఆగిన రోజు నుంచా అనేది కూడా తెలియాలి, అది వేరే గొడవ.

ఐదోది చిన్నదే, ఇల్లు మారడం. అమెరికాలో విదేశీయులు చాలామంది 10 రోజుల్లో కొత్త చిరునామా తెలియజేయాలి. ఐదు నిమిషాల పని, కానీ అందరూ మర్చిపోయేది ఇదే.

5. కౌంటర్ దగ్గర

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనకి తెలుసు. చట్టం ఇచ్చిన హక్కుని కౌంటర్‌లో ఉన్న మనిషి ఆపగలడు, కనీసం ఆ రోజుకి. ఆయనకి రోజుకి నలభై మందో యాభై మందో, తప్పు చేస్తే మాట ఆయనకే పడుతుంది, కాబట్టి అనుమానం వస్తే కాదు అనడమే ఆయనకి క్షేమం. మీరు చేయాల్సింది ఆ అనుమానానికి చోటు లేకుండా చేయడం.

వాళ్ల చెక్‌లిస్టు ప్రింట్ తీసుకుని, అదే వరుసలో కాగితాలు పేర్చి, ఒక్కోదానికీ చీటీ అంటించండి. అడిగింది ఇవ్వండి, అడగనిది బయటికి తీయకండి. అదనంగా ఇచ్చిన ప్రతి కాగితం ఒక కొత్త ప్రశ్న. ఏదైనా లేదంటే వాదించకుండా, "ఏ రూల్ కింద కావాలో రాసిస్తారా?" అని నెమ్మదిగా అడగండి. రాసివ్వమనగానే కొన్నిసార్లు ఆ కాగితం అవసరమే లేకుండా పోతుంది. నిజంగా అవసరమైతే ఏం తేవాలో కచ్చితంగా తెలుస్తుంది. వెళ్లేముందు మీ కాపీ మీద ఆ రోజు తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడం కుదరదని వాళ్లంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, డెలివరీ రసీదు దాచుకోండి. పెట్టెలో మాత్రం వేయకండి.

భాష రాకపోతే వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లండి, కానీ చదవలేని దాని మీద సంతకం పెట్టకండి. ఇంటికి తీసుకెళ్లి చదివి రేపు ఇస్తానంటే తప్పేం కాదు. ఇక ఏజెంట్లు. అపాయింట్‌మెంట్ స్లాట్లు బాట్లతో, అంటే వాటంతట అవే బుక్ చేసే ప్రోగ్రాములతో, పట్టేసి అమ్ముకునే ముఠాలను స్పెయిన్‌లో పోలీసులు పట్టుకున్నారు కూడా. లోపల మనిషి ఉన్నాడు అని చెప్పేవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడకండి. ఫారంలో ఏజెంటు అబద్ధం రాసినా దాని కింద సంతకం మీది, కేసు పడేది మీ మీద.

6. పన్నులు, క్లుప్తంగా

ఏడాదిలో 183 రోజులు అనే లెక్క చాలా దేశాలు వాడతాయి, కానీ అదొక్కటే కాదు. ఇల్లు, కుటుంబం, ఆదాయం ఎక్కడున్నాయో కూడా చూస్తారు. దేశం దాటితే పన్ను బాధ పోతుందనుకోవద్దు. అమెరికా తన పౌరులు ఎక్కడున్నా పన్ను లెక్క అడుగుతుంది, 2010లో వచ్చిన ఫాట్కా చట్టం వల్ల విదేశీ బ్యాంకులు కూడా వాళ్ల ఖాతాల వివరాలు పంపాలి, అందుకే అమెరికన్లంటేనే ఖాతా తెరవని బ్యాంకులున్నాయి. మిగతా దేశాల్లో చాలావరకు 2017 నుంచి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన పద్ధతిలో ఖాతాల సమాచారం ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. పాత దేశంలో ఖాతా ఉంది, ఎవరికి తెలుస్తుందిలే అనే రోజులు పోయాయి. మొదటి ఏడాది మాత్రం రెండు దేశాల రూల్స్ తెలిసిన మనిషికి ఫీజు ఇచ్చి చేయించుకోండి, ఆ డబ్బు దండగ కాదు.

7. ఫైల్ కదలకపోతే

ముందు వాళ్లే ప్రకటించిన సగటు గడువు చూడండి. అది దాటకుండా ఎన్ని ఈమెయిళ్లు పెట్టినా గోడకి చెప్పినట్టే. దాటాక ఒక చిన్న ఉత్తరం: దరఖాస్తు నంబరు, వేసిన తేదీ, దాటిన రోజులు, ఆలస్యం వల్ల ఫలానా తేదీకి జరగబోయే నష్టం. కోపం, కథ, మీ కష్టాలు వద్దు. నష్టం తేదీతో సహా ఉంటే ఫైల్ పైకి వస్తుంది.

తర్వాతి మెట్టు మీ ఫైల్ కాపీ అడగడం. చాలామందికి ఈ హక్కు ఉందనే తెలియదు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం ప్రకారం మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం అడగవచ్చు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. అమెరికాలో సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఇమిగ్రేషన్ ఫైల్ తెప్పించుకోవచ్చు. అందులో ఏముందో చూస్తే సగం రహస్యం విడిపోతుంది: ఎవరో మీ ఉత్తరాన్ని వేరే మనిషి ఫైల్‌లో పెట్టి ఉంటారు, లేదా మీకు పంపామంటున్న నోటీసు పాత చిరునామాకి వెళ్లి ఉంటుంది.

అప్పటికీ కదలకపోతే ప్రజాప్రతినిధి దగ్గరికి వెళ్లండి. ఓటు లేకపోయినా సరే. బ్రిటన్‌లో ఎంపీ ఆఫీసు, అమెరికాలో కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు తమ నియోజకవర్గంలో ఉండేవాళ్ల ఇమిగ్రేషన్ ఫైళ్ల గురించి విచారించడం మామూలు పనే, అందుకు సిబ్బంది కూడా ఉంటారు. నిర్ణయాన్ని వాళ్లు మార్చలేరు, ఫైల్ ఎక్కడుందో చెప్పించగలరు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఒక దేశపు ఆఫీసు యూనియన్ రూల్‌ని తప్పుగా అన్వయిస్తే సాల్విట్ అనే ఉచిత సేవ ఉంది. జర్మనీలో సరైన కారణం లేకుండా మూడు నెలలు నిర్ణయం ఇవ్వకపోతే కోర్టుకి వెళ్లే దారి ఉంది, అమెరికాలో మాండమస్ దావా అదే పని చేస్తుంది. నా అనుభవంలో వకీలు నోటీసు వెళ్లగానే చాలా ఫైళ్లకి కాళ్లొస్తాయి.

తిరస్కరణ వస్తే ఏడవడానికి ఒక్క రోజు ఇచ్చుకోండి, మర్నాడే అప్పీలు గడువు వెతకండి. జర్మనీలో అభ్యంతరానికి మామూలుగా ఒక నెలే, మామూలు పోస్టులో వచ్చిన ఉత్తరం 2025 నుంచి పోస్టు చేసిన నాలుగో రోజున అందినట్టే లెక్క. మీరు సెలవుల్లో ఊరెళ్లారా, డబ్బా తెరిచారా అనేది వాళ్లకి పట్టదు.

8. రాజకీయాలు రూల్ మార్చిన రోజు

ఎన్నికల్లో మీకు ఓటుండదు, కానీ ప్రచారంలో మీరే అంశం. ఇది మింగుడుపడటానికి టైము పడుతుంది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించగానే, సెలవుల మీద బయట ఉన్నవాళ్లు ఎంతోమంది ఏ రేటుకైనా టికెట్ కొని వెనక్కి పరిగెత్తారు. మర్నాడే వివరణ వచ్చింది, అది కొత్త దరఖాస్తులకేనని. అలాగని ప్రతిసారీ నిదానంగా ఉండమనడానికీ లేదు. 2017 జనవరి 27న కొన్ని దేశాల వాళ్ల మీద ప్రయాణ నిషేధం సంతకం అయినప్పుడు, విమానం ఎక్కేటప్పుడు చెల్లిన వీసాలు దిగేసరికి చెల్లలేదు.

నేను పాటించేది ఇది. వార్త వినగానే దాని అసలు పాఠం తెరిచి మూడు విషయాలు చూస్తాను: ఏ తేదీ నుంచి, ఎవరికి, ఇప్పటికే లోపల ఉన్నవాళ్ల సంగతేంటి. బయట ఉంటే, కంపెనీ వకీలు ఏం చెబుతున్నాడో చూస్తాను. లోపల ఉంటే ఎటూ కదలను, ప్రయాణం వాయిదా వేస్తాను. వాట్సాప్ గ్రూపులో వచ్చిన స్క్రీన్‌షాట్ ఎవరిదైనా సరే నమ్మను. ఎన్నికల ఏడాదిలో దగ్గరపడిన దరఖాస్తులేవైనా ఉంటే ముందే వేసేస్తాను, ఎందుకంటే కొత్త రూల్ వచ్చినప్పుడు అప్పటికే వేసిన ఫైళ్లను పాత రూల్ కిందే చూడటం చాలాసార్లు జరుగుతుంది, ప్రతిసారీ కాకపోయినా.

రూల్ మారినప్పుడు నాకు వర్తించదులే అనుకోవడం ఇంకో ప్రమాదం. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌లో ఉంటున్న యూరోపియన్లు 2021 జూన్ 30 లోపు కొత్త హోదాకి దరఖాస్తు వేయాలన్నారు. శాశ్వత నివాస పత్రం పాతది చేతిలో ఉన్నవాళ్లు కూడా వేయాల్సిందే. ముప్పై నలభై ఏళ్లుగా ఉంటున్నాం, మాకెందుకు అని ఊరుకున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు.

9. మీరు నోరు విప్పాలనుకుంటే

విదేశీయుడికి రాజకీయ హక్కులు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, ఊహకి అందవు. న్యూజిలాండ్‌లో నివాస హోదా ఉండి ఏడాది ఉన్నవాళ్లు పార్లమెంటుకే ఓటేయవచ్చు. చిలీలో కొన్నేళ్లుంటే ఓటు. బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ పౌరులకి, అంటే భారతీయులకి కూడా, పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది, చాలామంది నమోదే చేయించుకోరు. మరోవైపు మెక్సికో రాజ్యాంగం 33వ అధికరణ విదేశీయులు దేశ రాజకీయాల్లో ఏ రకంగానూ తలదూర్చకూడదంటుంది. సింగపూర్‌లో స్పీకర్స్ కార్నర్‌లో జరిగే నిరసనలో కూడా పౌరులు, శాశ్వత నివాసులు తప్ప వేరేవాళ్లు పాల్గొనకూడదు. థాయ్‌లాండ్‌లో రాజుని అవమానించారని 112వ సెక్షన్ కింద కేసు పడితే ఒక్కో పోస్టుకి మూడు నుంచి పదిహేనేళ్ల జైలు.

అమెరికాలో పౌరుడు కానివాడు పొరపాటున ఓటరుగా నమోదైనా దాని మీద పౌరసత్వం దరఖాస్తు కూలిపోవచ్చు. లైసెన్సు ఆఫీసులో అన్ని ఫారాలతో పాటు ఓటరు ఫారం కూడా చేతిలో పెడతారు, చూడకుండా సంతకం పెట్టేస్తారు. వీసా మీద ఉన్నవాళ్లు ఎన్నికల చందా ఇవ్వకూడదు, గ్రీన్ కార్డు వాళ్లు ఇవ్వవచ్చు. పాత దేశపు పార్టీ తరఫున అక్కడ ప్రచారం చేసిపెడితే విదేశీ ఏజెంట్ల నమోదు చట్టం, 1938 నాటిది, మీకు వర్తిస్తుందేమో అడిగి తెలుసుకోండి. గల్ఫ్‌లో స్నేహితుడి వైద్యానికి సోషల్ మీడియాలో చందాలు అడగటం కూడా అనుమతి లేకపోతే చిక్కే, యూఏఈలో లైసెన్సు ఉన్న సంస్థలే విరాళాలు సేకరించాలి.

నోరు మూసుకోమని నేను చెప్పను. ముందు మూడు ప్రశ్నలు వేసుకోమంటాను: నా హోదా ఎంత గట్టిది, ఈ పనికి చట్టంలో శిక్ష ఏమిటి, నన్ను దేశం నుంచి పంపేస్తే నా మీద ఆధారపడి ఉన్న డిపెండెంట్ వీసాలు ఎన్ని. సమాధానాలు తెలిసి మాట్లాడటం ధైర్యం. కాలేజీలో, యూనియన్‌లో, అద్దెదారుల సంఘంలో, బడి పేరెంట్స్ కమిటీలో విదేశీయులకి కూడా గొంతు ఉంటుంది, అక్కడ మొదలుపెడితే భాషా వస్తుంది, స్థానికులూ తెలుస్తారు. అమెరికా వీసా ఫారంలో 2019 నుంచి సోషల్ మీడియా ఖాతాలు అడుగుతున్నారని కూడా గుర్తుంచుకోండి. భయపడి అన్నీ చెరిపేయడం కంటే మొదటే చూసుకుని రాయడం మేలు.

10. పోలీసులు తలుపు తడితే

1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, విదేశీయుణ్ణి అరెస్టు చేస్తే, మీ కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు మీకుందని వాళ్లే ఆలస్యం లేకుండా చెప్పాలి. చెప్పకపోవడం కూడా జరుగుతుంది. 2004లో మెక్సికో, 2019లో భారత్ ఇదే అధికరణ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో గెలిచాయి. కాబట్టి మీరే నోరు తెరిచి అడగండి. కాన్సులేట్ వాళ్లు వచ్చి విడిపించరు, వకీలు ఫీజు కట్టరు. కలుస్తారు, వకీళ్ల జాబితా ఇస్తారు, ఇంటికి కబురు చెబుతారు. ఇంట్లోవాళ్లకి తెలియకూడదనుకుంటే ఆ మాట కూడా మీరు కాన్సులేట్ వాళ్లకి చెప్పవచ్చు.

కాన్సులేట్ అత్యవసర నంబరు, ఒక వకీలు నంబరు, పక్క ఊళ్లోనైనా సరే మీ భాష మాట్లాడే ఒక మనిషి నంబరు, ఈ మూడూ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోన్‌లో ఉన్నాయిగా అనకండి, మొదట తీసుకునేది ఫోనే.